ఐదు నిమిషాల నలభై సెకన్లు

కంప్యూటర్ మీట నొక్కిన క్షణం నుంచి తెర మీద బొమ్మలు కుదురుకున్న క్షణం దాకా ఐదు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. ఇందుమతి చేతి గడియారం మీది నుంచి చూపు తిప్పకుండానే ఆ అంకెను నోటుపుస్తకంలో రాసి, దాని కింద గీత గీసింది.

"మూడోసారి చూస్తా ఉండారు మేడం," అన్నాడు గుణశేఖర్, గోడకు ఆనుకుని. "ఎన్నిసార్లు చూసినా ముసలి గుర్రం పందెం గుర్రం కాదు. దీంట్లో వైరస్ ఉండాది. దొంగతనం కనబడకుండా ఆ పిల్లే పెట్టింది. నాలుగు గంటలకు దీన్ని ఫార్మాట్ చేస్తాను, ఫిర్యాదు కాగితం స్టేషన్‌లో ఇస్తాను, రైలెక్కి మద్రాసు పోతాను."

"ఫార్మాట్ అంటే ఏంది నాయనా?" అని అడిగాడు చేనేత సంఘం అధ్యక్షుడు ధర్మలింగం. అరవై ఏళ్లు మగ్గం గుంటలో కూర్చున్న మనిషి. నడుము వంగినా గొంతు వంగలేదు.

"పలక తుడిచేసినట్టు, అయ్యా. లోపలిదంతా పోతుంది."

"పలక మీద దొంగ వేలిముద్ర ఉంటే అదీ పోతుంది," అంది ఇందుమతి. "గుణశేఖర్, నాలుగు గంటలు కావడానికి ఇంకా యాభై నిమిషాలుంది. అంతదాకా ఈ యంత్రం నాది."

గుణశేఖర్ భుజాలెగరేసి ఊరుకున్నాడు. మద్రాసులో పేరున్న దర్యాప్తు ఏజెన్సీ నుంచి వచ్చినవాడు. ముప్పై రెండేళ్లకే మెడలో టై, జేబులో పేజర్. వేలిముద్రల విభాగంలో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసి, పదవీ విరమణ తరువాత వేలూరు పక్కన తొరపాడిలో సొంత పరిశోధన కార్యాలయం పెట్టుకున్న యాభై ఏడేళ్ల స్త్రీ అతని కంటికి పాత కాగితంలాగా కనబడటంలో వింతేమీ లేదు.

జరిగిన నేరం చెప్పడానికి చిన్నదే. గుడియాత్తం చేనేత సంఘం కోసం ధర్మలింగం ఎనిమిది నెలలు శ్రమించి కొత్త లుంగీ గళ్ల నమూనా ఒకటి కట్టాడు. నేరేడు రంగు మీద గడ్డిపచ్చ గడి. గడి అంచున వెంట్రుకవాసి తెల్ల పోగు. ఏ పోగు తరువాత ఏ పోగు రావాలో ఆ వరుస మొత్తం ఈ ఒక్క కంప్యూటర్‌లోనే ఉంది. ఆయుధ పూజ గడిచిన పదో రోజున అవే గళ్లు, అదే తెల్ల పోగు, మరమగ్గం గుడ్డ మీద వేలూరు బజారులో వేలాడాయి. నూట ఇరవై చేతిమగ్గాల నోటి దగ్గరి కూడును ఎవరో ఎత్తుకుపోయారు. సంఘం వేలు ఎత్తి చూపింది కంప్యూటర్ ముందు కూర్చునే ఒకే ఒక్క మనిషిని. ఆమె సుగన్య, ఇరవై రెండేళ్ల పిల్ల, తాపీమేస్త్రీ మునుస్వామి కూతురు.

ఆ ఉదయం సుగన్య అవ్వ ముత్తమ్మ తొరపాడికి వచ్చి ఇందుమతి గుమ్మంలో నిలబడింది. "మా పిల్ల దొంగ కాదమ్మా," అన్నది. అంతకు మించి ఒక్క మాట ఆడలేదు.

ఆడవలసిన అవసరమూ లేదు. నలభై మూడేళ్ల క్రితం వేలూరు కాన్వెంటులో, ప్రార్థన గది అలమారు నుంచి వెండి పతకం పోయినప్పుడు, పద్నాలుగేళ్ల ఇందుమతిని మదర్ ముందు నిలబెట్టారు. బడి మొత్తం మీద నోరు తెరిచింది బట్టలుతికే ముత్తమ్మ ఒక్కతే. "ఆ పతకం వార్డెనమ్మ మేనకోడలి లంగా జేబులో దొరికింది. ఈ బిడ్డ దాన్ని తాకనైనా తాకలేదు," అని చెప్పింది. ఆ సాయంత్రమే ఆమె పని పోయింది. ఆ సంగతిని ఆమె మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. ఈ ఉదయమూ ఎత్తలేదు. నిజం పలికే నోరు ఒక్కటున్నా న్యాయం బతుకుతుందని ఇందుమతి నేర్చుకున్నది ఆ రోజే. ఆ తరువాతి జీవితమంతా ఆ పాఠానికి పెట్టిన దండమే.

ముత్తమ్మ ఇప్పుడు వరండాలో, స్తంభం పక్కన కూర్చుని ఉంది. ఇందుమతి కిటికీలోంచి ఒకసారి అటు చూసి, గదిలోకి తిరిగింది.

"సుగన్యా, ఇట్లా రా. ఏడుపు తరువాత ఏడుద్దువు. ముందు గంటలు చెప్పు. ఆయుధ పూజ శుక్రవారం యాడ ఉన్నావు?"

"ఈడనే అమ్మా. ఎనిమిదిన్నరకి వచ్చినాను. మగ్గాలకి, రాట్నాలకి, తక్కెడకి బొట్లు పెట్టినాము. పది గంటలకి అధ్యక్షులయ్య హారతి ఇచ్చినాడు. గుమ్మడికాయ కొట్టి, పదిన్నరకి తాళం వేసి అందరమూ బయటికి వచ్చినాము."

"తాళం చెవులెన్ని?"

"మూడు. అయ్యది ఒకటి, కార్యదర్శి శివలింగం సారుది ఒకటి, నాది ఒకటి."

"తరువాత?"

"పదకొండూ ఇరవై బండికి అవ్వా నేనూ జోలార్పేట పోయినాము, చిన్నమ్మ ఇంటికి. శనివారం పొద్దున మొదటి బండికి వచ్చి, తొమ్మిదికి తలుపు తీసినాను."

"గురువారం సాయంత్రం దాకా ఈ యంత్రం లేవడానికి ఎంతసేపు పట్టేది?"

"రెండు నిమిషాలమ్మా. మీట నొక్కి, చెంబులో నీళ్లు పట్టుకొని వచ్చేలోగా లేచి కూర్చొనేది."

"శనివారం?"

సుగన్య తల వంచుకుంది. "గర్రు గర్రుమని ఒకటే మూలుగు. ఆరు నిమిషాలకి గాని లేవలేదు. ఒక్కోరోజు అసలు లేవనే లేదు."

"ఎవరికైనా చెప్పినావా?"

సుగన్య తల అడ్డంగా ఊపింది. గుణశేఖర్ చిటిక వేశాడు. "అదీ! తప్పు చేయని పిల్ల పన్నెండు రోజులు ఎందుకు దాస్తుంది మేడం?"

"ఆ ప్రశ్న మంచిదే. దాన్ని నేనే అడుగుతాను. ఎందుకు చెప్పలేదు సుగన్యా?"

"నేనే చెడగొట్టినాను అనుకొన్నానమ్మా." మాట తడబడింది. "దీన్ని పోయిన క్రిస్మస్‌కి గదా కొన్నారు. దీనికి ఇదే మొదటి ఆయుధ పూజ. ఇంట్లో మా నాయన తాపీకి, కత్తిపీటకి, అన్నిటికీ అవ్వ గంధం పూస్తాది. ఈ యంత్రం నాకు ఏడాదిగా అన్నం పెట్టింది గదా అని, దానికి నోరు ఉండే చోటల్లా తడి గంధం పెట్టినాను. ఫ్లాపీ పెట్టే సందు పెదాలకి కూడా. అది లోపలికి దిగి చెడిపోయిందేమోనని భయపడి, మళ్లీ దాంట్లో ఫ్లాపీ పెట్టనే లేదు."

గుణశేఖర్ పగలబడి నవ్వాడు. "ఫ్లాపీ డ్రైవ్‌కి గంధమా! కుంకుమ పెట్టి వడమాల వేయలేదా?"

"కుంకుమ పెట్టినాను సార్," అంది సుగన్య అమాయకంగా. "వడలు అయ్య వద్దన్నాడు."

ధర్మలింగం పెదవుల మీద నవ్వు మెరిసి మాయమైంది. ఇందుమతి మాత్రం నవ్వలేదు. ఆ పిల్ల చెప్పినదాన్ని ఉన్నది ఉన్నట్టు రాసుకుంది. "మొదటి ఆయుధ పూజ" అన్న మాట కింద రెండు గీతలు గీసింది.

"ఇక కార్యదర్శిగారిని పిలవండి."

శివలింగం ఇస్త్రీ చొక్కా కాలరు కింద చేతిరుమాలు మడిచి పెట్టుకుని వచ్చాడు. నుదుట మూడు విభూతి రేఖలు, గొంతులో వెన్న.

గుణశేఖర్ తోలుసంచీ నుంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టాడు. అందులో ఎర్రటి ఫ్లాపీ ఒకటి ఉంది. పైన జారే వెండిరంగు రేకు మూత లేదు. లోపలి నల్లని పొర బట్టబయలుగా కనిపిస్తోంది. ఒక మూల ప్లాస్టిక్ గోరంత పెచ్చు ఊడిపోయింది.

"దీంట్లో నమూనా ఉండాది. వేరే కంప్యూటర్‌లో పెట్టి చూసినాను," అన్నాడతను. "తేదీలు మాత్రం అడగొద్దు. ఈ యంత్రంలో గడియారం బ్యాటరీ నాసిరకం, ఎప్పుడో చచ్చిపోయింది. దానికి అన్ని రోజులూ ఒకటే."

"తేదీలు మనుషులనే అడుగుతాను," అంది ఇందుమతి. "శివలింగంగారూ, ఇది మీకు ఎప్పుడు దొరికింది?"

"గురువారం సాయంత్రమమ్మా, పండగ ముందురోజు. సరిగ్గా ఆరు గంటలకి. ఈ పిల్ల ఇంటికి పోయినాక దీని సొరుగు చూసినాను. నమూనా పేరు రాసిన ఫ్లాపీ కనబడె. తీసి నా బీరువాలో పెట్టినాను. దీనికి ముందే ఇంకో కాపీ బయటికి పంపేసింటుందని నాకెట్లా తెలుస్తాది?"

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"తెల్లారితే పండగ. పండగ పూట ఒక ఆడబిడ్డని దొంగా అని పిలిచే మనసు రాలేదు."

"ఎంతో దయగలవారు. రేకు మూత కూడా సొరుగులో ఉండిందా?"

"లేదమ్మా. యాడ పారేసిందో."

"బీరువా తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది?"

"నా మొలతాడుకే. నీళ్లు పోసుకొనేటప్పుడు కూడా తీయను."

"అంటే గురువారం ఆరు గంటల నుంచి నిన్న గుణశేఖర్ చేతికి ఇచ్చేదాకా ఈ ఫ్లాపీ మీ బీరువా దాటలేదు."

"దాటలేదు. నా బిడ్డల మీద ఆన. కావాలంటే రాసిస్తాను."

"రాసివ్వండి," అంది ఇందుమతి, కలం మూత తీసి అందిస్తూ. "గంట కూడా వేయండి."

అతను రాశాడు. గుండ్రటి అక్షరాలు, గట్టి సంతకం. సుగన్య ఆ కాగితం వైపు తన శిక్షను చూస్తున్నట్టు చూసింది.

ఇందుమతి మళ్లీ యంత్రం ముందు కూర్చుంది. వేలిముద్రల విభాగంలో మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు, అది మొండికేసిన ప్రతిసారీ కుర్రవాళ్లు దాని నెత్తిన మొట్టేవారు. ఆమె మాత్రం పక్కన కూర్చుని, అది ఎక్కడ ఆగుతోందో చూసేది. సాక్షి తడబడినప్పుడు అరిస్తే సాక్షి చెడిపోతాడు. ఏ మాట దగ్గర తడబడ్డాడో గుర్తుపెట్టుకుంటే నిజం దొరుకుతుంది. యంత్రమూ అంతే.

మీట నొక్కింది. అంకెలు పరుగెత్తాయి. కీబోర్డు దీపాలు ఒకసారి మెరిసి ఆరిపోయాయి. తరువాత ఫ్లాపీ సందు పక్కనున్న చిన్న పచ్చదీపం వెలిగింది. వెలిగింది వెలిగినట్టే ఉంది. లోపల ఏదో గర్రుమంది, ఆగింది, మళ్లీ గర్రుమంది.

"ఇక్కడ," అంది ఇందుమతి. "దీనికి మేలుకునే వరుస ఒకటుంది. ముందు ఫ్లాపీ తలుపు తడుతుంది. అక్కడ ఎవరూ లేరని తేలాకే లోపలి డిస్కు దగ్గరికి పోతుంది. ఈ రోజు ఆ మొదటి తలుపు దగ్గరే పడిగాపులు కాస్తోంది. గుణశేఖర్, మీ వైరస్ లోపలి డిస్కులో కదా ఉండాలి? ఇది ఇంకా అక్కడిదాకా పోనే లేదు."

"పాత యంత్రాలకి సవాలక్ష రోగాలు."

"ఏడాది నిండనిది పాతదెట్లా అవుతుంది? ఒక్కసారికి ఒక్క మార్పే చేసి చూద్దాం."

కరెంటు ఆపించి, పెట్టె పక్కరేకు తీయించి, ఫ్లాపీ డ్రైవుకు పోయే రెండు తీగలను మాత్రం ఊడదీసింది. మళ్లీ మీట నొక్కింది. యంత్రం డ్రైవు కనబడలేదని ఒక్క వాక్యం చెప్పి, ఒక్క మీట నొక్కమని అడిగి, చకచకా లేచి కూర్చుంది. ఇందుమతి గడియారం చూసింది. ఒక నిమిషం యాభై సెకన్లు.

సుగన్య రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అది చావలేదమ్మా!"

"చావలేదు. దాని గొంతులో ఏదో అడ్డం పడింది."

"నాలుగైంది," అన్నాడు గుణశేఖర్. గొంతులో ఇందాకటి ధీమా లేదు. అయినా మనిషి వెనక్కి తగ్గే రకం కాదు. తీగలు తానే తిరిగి తగిలించి, సంచీ నుంచి తన ఫార్మాట్ ఫ్లాపీ తీశాడు. "మాటంటే మాటే, మేడం."

ధర్మలింగం అడ్డం రాబోయాడు. ఇందుమతి చేయెత్తి ఆపింది. "కానివ్వండి."

గుణశేఖర్ ఫ్లాపీని సందులోకి తోశాడు. అది సగం దాకా పోయి నిలిచిపోయింది. బలం పెట్టి తోశాడు. కదలలేదు. బయటికి లాగి చూసుకున్నాడు. దాని అంచున పసుపుపచ్చని పొడి అంటుకుని ఉంది.

శివలింగం కాలరు కింది చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"స్క్రూడ్రైవర్ మీ దగ్గర ఉంది, గుణశేఖర్," అంది ఇందుమతి. "మీరే విప్పండి. నా చేయి తగిలితే, నేనే పెట్టి తీశానని రేపు ఎవరైనా అంటారు. మీ చేతులతో దొరికినది మీరే నమ్మాలి."

అతను విప్పాడు. డ్రైవును బల్ల మీద బోర్లించి, పైరేకు తీసి, పట్టకారుతో లోపల ఇరుక్కున్నదాన్ని మెల్లగా బయటికి లాగాడు. వంగిపోయిన వెండిరంగు రేకు మూత. వెంట్రుకంత స్ప్రింగు ఇంకా దాన్ని వదల్లేదు. రేకు మడతలో గోరంత ఎర్రటి ప్లాస్టిక్ పెచ్చు చిక్కుకుని ఉంది. రేకు రెండు ముఖాల మీదా పసుపుపచ్చగా ఏదో ఎండి, అక్కడక్కడ ఎర్రగా చారలు కట్టింది.

గుణశేఖర్ దాన్ని ధర్మలింగం అరచేతిలో పెట్టాడు. ముసలి నేతగాడు ముక్కు దగ్గరికి తెచ్చుకుని కళ్లు మూసుకున్నాడు.

"గంధం," అన్నాడు. "మన గంధమే."

ఇందుమతి కవరులోని ఎర్ర ఫ్లాపీని తీసి, ఊడిన మూల దగ్గర ఆ పెచ్చును ఆనించింది. అతుకు కనబడనంతగా కుదిరింది.

"శివలింగంగారూ, మీరు రాసిచ్చిన కాగితం నా చేతిలో ఉంది. ఈ ఫ్లాపీ గురువారం ఆరు గంటలకు మీ బీరువాలోకి పోయింది. తాళం చెవి మీ మొలతాడు వదల్లేదు. ఈ యంత్రానికి పుట్టిన తరువాత మొదటిసారి గంధం పూసింది శుక్రవారం ఉదయం. ఆ తడి పెదాలకు ఒరుసుకుంటూ లోపలికి పోయిన రేకుకే రెండు ముఖాలా గంధం అంటుతుంది. అందరి ఎదుటా తాళం పడింది పదిన్నరకు. బీరువాలో నిద్రపోతున్న ఫ్లాపీ మూతకు శుక్రవారం నాటి గంధం ఎట్లా అంటింది?"

శివలింగం నోరు తెరిచాడు, వెన్న రాలేదు. "శనివారం... ఈ పిల్లే శనివారం..."

"బిడ్డల మీద ఆనపెట్టి రాసిచ్చారు. శనివారం కూడా అది మీ బీరువాలోనే ఉంది."

ఆ గదిలో ఎవరూ తిరిగి చూడని ఒక్క సంగతిని ధర్మలింగం చూశాడు. అతని గొంతు చాలా నెమ్మదిగా పలికింది. "ఏడాదంతా పని ముట్లు మనల్ని సాకుతాయి. ఏడాదికి ఒక్కరోజు వాటికి దండం పెట్టి నిద్రపోనిస్తాము. నా మగ్గం మీద నా కొడుకుని కూడా ఆ రోజు చేయి వేయనీను. నువ్వు ఆ రోజే దీన్ని లేపినావా, శివలింగం?"

నేరం రుజువైనందుకు కాదు గాని, ఆ మాటకు శివలింగం బెంచీ మీద కూలబడ్డాడు. "ఆంబూరు దారిలో మరమగ్గాల ఆసామి... సంఘం ఎట్లాగూ మునుగుతాది, నిన్ను మేనేజరుని చేస్తానన్నాడు. ఆ రోజైతే ఎవరూ రారని... రేకు ఊడి లోపలే నిలిచిపోయిందని చూసినాను. పాడు రేకు ఏం చేస్తాదిలే అనుకొన్నాను."

సుగన్య ఏడవలేదు. ఊడదీసిన డ్రైవు మీద ఎండిపోయిన గంధం పెచ్చును వేలితో తాకి, కళ్లకద్దుకుంది. గుణశేఖర్ టై వదులు చేసుకుని ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నవ్వినందుకు మన్నించు అమ్మా. నువ్వు పెట్టిన గంధమే నిన్ను కాపాడింది." తరువాత ఇందుమతి వైపు తిరిగాడు. "పది నిమిషాల ముందు నా ఫ్లాపీ సందులోకి పోయుంటే అంతా తుడిచేసి ఉంటాను. ఒక ఆడబిడ్డ గొంతు కోసి, రైల్లో హాయిగా నిద్రపోయి ఉంటాను. మీకు ఎట్లా చెప్పుకోవాలో తెలియడం లేదు, మేడం."

"వరండాలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. చెప్పుకోవలసింది ఆమెకు."

ముత్తమ్మ అప్పటికే లేచి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. ఇందుమతిని చూసి రెండు చేతులూ ఎత్తబోయింది. ఆ చేతులు కలిసేలోగానే ఇందుమతి గబగబా కిటికీ దగ్గరికి పోయి, తానే ముందుగా తల వంచి నమస్కరించింది. నలభై మూడేళ్లు ఆలస్యమైన నమస్కారం. అది ఎందుకో ముత్తమ్మకు తెలిసింది. "పోనీలే పాపా," అంది, పద్నాలుగేళ్ల పిల్లతో అన్నట్టు.

"నమూనా పోతే పోయింది," అన్నాడు ధర్మలింగం, రేకును బల్ల మీద పెడుతూ. "ఇంకొకటి కడతాను. పిల్ల పేరు నిలబడింది, అది చాలు."

"చాలదయ్యా." తల ఎత్తకుండానే అన్నాడు శివలింగం.

అందరూ అటు తిరిగారు.

"ఆ ఆసామి నమూనాతో ఊరుకోలేదు. మన సంఘం ముద్ర కూడా అడిగినాడు. మరమగ్గం లుంగీలు నలభై బేళ్లు, చేనేత అని మన ముద్ర వేసి, జోలార్పేటలో పార్శిలు ఆఫీసుకి చేరినాయి. సాయంత్రం ఆరూ యాభై బండికి బొంబాయి పోతాయి. అవి ఆడ దిగినాయంటే మన సరుకు మళ్లీ ఎవరూ నమ్మరు." అతను సుగన్య వైపు చూశాడు. "బేళ్ల చీటీల మీద సంతకం నాది కాదు."

సుగన్య అడుగు ముందుకు వేసింది. "బుధవారం... పండగ తొందర అని, నలభై ఖాళీ చీటీల మీద నా చేత సంతకం చేయించుకొన్నారు సార్. ఖాళీవి, అమ్మా. నేను చేసినాను."

గోడ గడియారంలో నాలుగూ ఇరవై. ఇందుమతి శివలింగం రాసిచ్చిన కాగితాన్ని మడిచి సంచీలో పెట్టుకుంది. గుణశేఖర్ జేబులోంచి, వేలూరులో బాడుగకు తీసుకున్న కారు తాళం చెవి తీసి చూపాడు.

"అయ్యా, ఇతన్ని గది దాటనివ్వకండి," అంది ఇందుమతి ధర్మలింగంతో. గుమ్మం దాటబోతూ వెనక్కి చూసింది. సుగన్య యంత్రం ముందు నిలబడి, చేతులు జోడించి, కదలలేక ఉంది.

"దానికి దండం తిరిగి వచ్చినాక పెడుదువుగాని, రా," అంది. "ముందు నీ సంతకం రైలెక్కకుండా చూద్దాం."